సొంత జిల్లాలో ఉంటున్నవాళ్ళు సంతోషంగా ఉన్నారా? శ్రీకాకుళం, విజయనగరం తిరిగి రావాలనుకునేవారికి సమాధానం

ప్రశ్న: "మాది నరసన్నపేట దగ్గర పల్లె. పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. నాది ఇంటి నుంచి చేసుకోగలిగే ఉద్యోగం, మా ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు. పెద్దది ఆరో తరగతి, చిన్నోడు రెండో తరగతి. ఊళ్ళో అమ్మానాన్న, రెండెకరాల పల్లం, అర ఎకరా మెట్ట ఉన్నాయి. సొంత రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళు నిజంగా సంతోషంగా ఉన్నారా? మేం వచ్చేస్తే ఉండగలమా?"

ఉన్నవాళ్ళు ఉన్నారు. ఎవరు సంతోషంగా ఉన్నారో, ఎందుకు ఉన్నారో చూస్తే మీ రెండో ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

మన జిల్లాల్లో నిశ్చింతగా బతుకుతున్నవాళ్ళ ఇళ్ళల్లో దాదాపు ప్రతిచోటా నెలనెలా నగదు వచ్చే దారి ఒకటి కనిపిస్తుంది. అది టీచరు జీతం కావచ్చు, రిటైరైన పెద్దాయన పింఛను కావచ్చు, దుబాయ్‌లోనో ఒమన్‌లోనో వెల్డింగ్ చేస్తున్న కొడుకు పంపే సొమ్ము కావచ్చు, సెంటర్లో ఉన్న ఎరువుల దుకాణం కావచ్చు. ఆ నగదుకి సొంత ఇల్లు, సొంత బియ్యం, పెరట్లో ఆనపకాయ, మునక్కాడలు తోడైతే జీవితం హాయిగా సాగుతుంది. మన ఊరు డబ్బు ఇవ్వదు, ఖర్చు మిగులుస్తుంది. ఈ తేడా తెలిసి వచ్చినవాళ్ళు నిలబడతారు. నగదు కూడా ఊరే ఇస్తుందనుకుని వచ్చినవాళ్ళు రెండు పంటలు చూసి మళ్ళీ విశాఖ రైలెక్కుతారు.

ఊరి మీద ప్రేమ లేక ఎవరూ వెళ్ళలేదు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో ప్రతి వెయ్యిమంది మగవాళ్ళకు 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్ళు ఉన్నారు. మగవాళ్ళు పనుల కోసం బయట ఉండటం ఆ అంకెకు ఒక పెద్ద కారణం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోతే, వాళ్ళలో చాలామంది ఈ రెండు జిల్లాల కూలీలే. తీరంలో మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వరకూ వెళ్ళి బోట్లెక్కుతారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైనవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. అందుకే "ఉన్నవాళ్ళు సంతోషంగా ఉన్నారా" అని అడిగేముందు "ఉండగలిగేది ఎవరు" అని లెక్క చూసుకోవాలి.

ముందు పొలం లెక్క. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

రెండెకరాల పల్లం, వంశధార కాలువ నీరు అందుతుందనుకుందాం. ఎకరాకు 20 క్వింటాళ్ళ చొప్పున 40 క్వింటాళ్ళ ధాన్యం. నలుగురికీ నెలకు 37, 38 కిలోల బియ్యం చొప్పున ఏడాదికి 450 కిలోలు కావాలి. ధాన్యం మర పట్టిస్తే మూడింట రెండు వంతులే బియ్యం వస్తుంది కాబట్టి తిండికి ఏడు క్వింటాళ్ళు, అంటే 80 కిలోల బస్తాలు తొమ్మిది, పక్కన పెట్టాలి. మిగిలిన 33 క్వింటాళ్ళను 2025-26 మద్దతు ధర 2369 రూపాయలకు అమ్మితే 78,177 వస్తుంది. దమ్ము, విత్తనం, ఊభాల (నాట్ల) కూలి, ఎరువు, మందులు, కోత మిషను, మోత అన్నీ కలిపి ఎకరాకు 28 వేలు వేసుకోండి, రెండెకరాలకు 56 వేలు. చేతిలో మిగిలేది 22 వేలు. నెలకు రెండు వేలు కూడా కాదు. అది కూడా మీరు దగ్గరుండి చేయిస్తే, తుఫాను రాకపోతే. కౌలుకిస్తే ఖర్చు తప్పుతుంది గాని కౌలు బస్తాలే మిగులుతాయి.

వరి తర్వాత మినుము, పెసర వేస్తారు కదా అంటారు. వేస్తారు. ఎకరాకు రెండు క్వింటాళ్ళ మినుములు దక్కినా 2025-26 మద్దతు ధర 7800 చొప్పున 15 వేల పైచిలుకు. కాకపోతే మాగాణి మినుము కోతకు రెండు మూడు రోజుల ముందు, పొలంలో తడి ఉండగానే ఎకరాకు 16 నుంచి 18 కిలోల విత్తనం చల్లితేనే బాగా మొలుస్తుంది. ఇప్పుడు మనుషులు దొరక్క అందరూ పెద్ద కోత మిషన్లు దింపుతున్నారు. ఆ చక్రాల కింద మొలక నలిగిపోతుంది, మడి గట్టిపడుతుంది. మిషను వెళ్ళాక చల్లుదామంటే తడి ఆరిపోయి ఉంటుంది. అపరాల పంట చాలా ఊళ్ళల్లో తగ్గిపోవడానికి ఇదో కారణం. మీ నాన్నగారు చేసినప్పటి లెక్కలు ఇప్పుడు పనికిరావు.

ఇంకో చిక్కు అమ్మకంలో ఉంది. రైతు సేవా కేంద్రం ద్వారా ధాన్యం అమ్మాలంటే పంట వేశాక ఈ-పంటలో నమోదు చేయించి, వేలిముద్ర వేయాలి. పేరు మీ నాన్నగారిదీ, సాగు కౌలుదారుదీ అయితే నమోదు ఎవరి పేరున అన్నది ఖరీఫ్ మొదట్లోనే తేల్చుకోవాలి, లేకపోతే కల్లం దగ్గర గొడవే. కౌలు రైతుకు పంట సాగు హక్కు కార్డు ఇవ్వాలంటే యజమాని సంతకం కావాలి. దాని గడువు 11 నెలలే, దానివల్ల భూమి మీద హక్కు రాదు. అయినా భూమి పోతుందన్న భయంతో సంతకం పెట్టనివాళ్ళే ఎక్కువ, దాంతో సాగు చేసేవాడికి అప్పూ రాదు, నష్టపరిహారమూ రాదు. మీరు కౌలుకిస్తే దయచేసి సంతకం పెట్టండి. ఇక తేమ 17 శాతం దాటితే మిల్లులో తరుగు అడుగుతారు. మిషను కోసిన ధాన్యం ఇంకా పచ్చిగా ఉంటుంది, కనీసం రెండు మూడు రోజుల గట్టి ఎండ కావాలి. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే ఆ రెండు రోజుల ఎండ కూడా దొరకదు.

"మా జిల్లా" అని అందరం ఒకే మాటగా అంటాం గాని, శ్రీకాకుళం ఒక్కటి కాదు. నరసన్నపేట, జలుమూరు, పోలాకి వైపు వంశధార ఎడమ కాలువ నీళ్ళున్న పల్లాలు. అదే కాలువ చివర టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరుల్లో శివారు రైతు ప్రతి ఏడూ నీటికోసం ఎదురుచూస్తాడు. విజయనగరం వైపు గంట్యాడ, మెంటాడ, గరివిడి లాంటి చోట్ల చెరువులు, వాన, బోరు. అక్కడ మామిడి, మొక్కజొన్న, చోళ్ళు (రాగులు), నువ్వులు. పైడిభీమవరం చుట్టుపక్కల మందుల కంపెనీలు ఉన్నాయి కాబట్టి రణస్థలం, ఎచ్చెర్ల కుర్రాళ్ళకు పని దొరుకుతుంది. కాంట్రాక్టు పనే ఎక్కువ, షిఫ్టులు, వాసన, బోరు నీటి మీద అనుమానం కూడా ఉంటాయి. విజయనగరం పట్నంలో ఉండేవాళ్ళది వేరే దారి. విశాఖ 60 కిలోమీటర్లు, నెల సీజన్ టికెట్టు తీసుకుని ఉద్యోగానికి వెళ్ళి రావచ్చు. సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి ఆమదాలవలస నుంచి కూడా తీసుకోవచ్చు. అయితే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు పడుతుంది, కొన్నాళ్ళకే మనిషి అలిసిపోతాడు. నా దృష్టిలో రోజూ తిరిగేవాళ్ళకు చీపురుపల్లి దాటి ఇల్లు పెట్టడం మంచిది కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన తీరం వెంట ఉన్న కొబ్బరి, జీడి తోటల ప్రాంతం ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. మీది నరసన్నపేట అయినా, మీ బంధువులెవరైనా కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం వైపు తిరిగి వద్దామనుకుంటే వాళ్ళకు ఇది చూపించండి. అక్కడ చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని ఏ ఒక్కదాన్నీ ఇంతవరకూ నిర్ధారించలేదు. నీళ్ళలోని సిలికా, ఎండలో నీళ్ళు తాగకుండా గంటల తరబడి పని, నొప్పి మాత్రలు, పురుగుమందులు, ఇలా చాలావాటి మీద అనుమానాలు ఉన్నాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా వంశధార నీరు తెచ్చారు, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇల్లు చూసుకునేముందు అడగాల్సింది "పథకం ఉందా" అని కాదు. "మన వీధి కుళాయికి ఆ నీరు వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు వస్తోంది, వేసవిలో కూడా వస్తోందా" అని అడగాలి. రాని రోజుల్లో ఏ నీరు తాగుతున్నారో అదే అసలు నీరు.

అక్కడ ఉండదలిస్తే ముప్పై దాటిన ప్రతివాళ్ళూ ఏడాదికోసారి రక్తంలో సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. కాగితం మీద ఈజీఎఫ్ఆర్ అనే అంకె చూడండి, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పేది అదే. అది 60కి తగ్గి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూసినా అలాగే ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క. ఒక్కసారి వచ్చిన అంకెతో బెంబేలెత్తకండి, బాగుందని వదిలేయకండి కూడా. ఒంటి నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అడిగి మింగే అలవాటు కిడ్నీకి నేరుగా దెబ్బ. ఊభాల రోజుల్లో, కొబ్బరి దింపుళ్ళలో ఇది మరీ ఎక్కువ. బోరు నీరు ఎక్కడైనా సరే, తాగేముందు పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది, వేరే నీరు లేని చోట 2000 వరకే పరిమితి. ఫ్లోరైడు 1.5, నైట్రేటు 45 దాటకూడదు. చేతిలో పట్టుకునే చిన్న మీటరు మొత్తం లవణాలనే చూపిస్తుంది, ఫ్లోరైడు గాని సిలికా గాని చూపించదు. మీటరు మంచి అంకె చూపించిందని నమ్మి మోసపోవద్దు.

ఇప్పుడు పిల్లల సంగతి. "సొంత రాష్ట్రం" అన్న మాటకు చట్టంలో ఉన్న అర్థం మీ పిల్లలకు ఇక్కడే తగులుతుంది. 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ వేరే రాష్ట్రం. మీరు శ్రీకాకుళం వాళ్ళే అయినా, మీ పిల్లలు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క ఇది: డిగ్రీ, ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లకు అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు చూస్తారు. ఇంటర్ తర్వాత చదువుకైతే తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. ఆ నాలుగూ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు, ప్రకాశం వరకూ ఎక్కడ చదివినా 85 శాతం స్థానిక సీట్లకు పోటీపడొచ్చు. ఇంటర్‌కి విశాఖ, విజయవాడ పంపినా ఇబ్బంది లేదు. హైదరాబాద్ పంపితే పోతుంది.

జిల్లా ఉద్యోగాలకు లెక్క వేరు. డీఎస్సీ లాంటివాటిలో 80 శాతం పోస్టులు ఆ జిల్లా స్థానికులకే, స్థానికత పదో తరగతితో ముగిసే నాలుగేళ్ళతో తేలుతుంది: ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. నాలుగూ ఒకే జిల్లాలో లేకపోతే, నాలుగు నుంచి పదో తరగతి దాకా ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. మీ పెద్దమ్మాయి ఇప్పుడు ఆరు. వచ్చే జూన్‌లో ఏడో తరగతిలో శ్రీకాకుళం జిల్లా బడిలో చేరితే ఈ రెండు లెక్కలూ సరిపోతాయి. ఎనిమిదిలో చేరితే ఇక్కడ మూడేళ్ళే, అక్కడ నాలుగేళ్ళు. కాలేజీ స్థానికత దక్కుతుంది గాని జిల్లా ఉద్యోగాల్లో స్థానికత పోతుంది. తొమ్మిది దాటాక వస్తే రెండూ పోతాయి. "పది అయ్యాక వెళ్దాంలే" అని ఆగిన కుటుంబాలు కౌన్సెలింగ్ రోజున లబోదిబోమంటాయి. అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడుకి ఆ ఏడు తీసి దాచండి.

చిన్నోడికి కూడా వచ్చే జూన్ ముఖ్యమే. నవోదయ ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంత బడిలో చదవాలి, ఐదో తరగతి ఆ జిల్లాలోనే చదువుతుండాలి. పట్నంలో ఒక్క ఏడు చదివినా గ్రామీణ కోటా ఉండదు. కాబట్టి బడి ఎంచుకునేటప్పుడు అది శ్రీకాకుళం పట్నం హద్దుల్లో ఉందా, పంచాయతీలో ఉందా అని కూడా చూడండి. మన నవోదయ వెన్నెలవలసలో ఉంది, విజయనగరం వాళ్ళది కిల్తంపాలెంలో.

ఒక హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి విజయనగరంలోకి, పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. బంధువుల మాట మీద కాకుండా, ఏ దరఖాస్తులో ఏ జిల్లా అడుగుతున్నారో, అది పాత జిల్లానా కొత్తదా అని చూసి నింపండి.

భూమి కాగితాలు. రిజిస్ట్రేషన్ అయింది, పాసుపుస్తకం ఉంది అని ఊరుకుంటే, అన్నదమ్ముల సంతోషం చెడేది ఇక్కడే. సంక్రాంతికి వచ్చినప్పుడు కాదు, ఆఫీసులు పనిచేసే వారంలో రండి. మీభూమి వెబ్‌సైటులో 1-బి (యజమాని వివరాల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు) తీసి ఖాతా నంబరు, విస్తీర్ణం, తండ్రి పేరు పాసుపుస్తకంతో సరిచూడండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చి ఉంటుంది. అందులో విస్తీర్ణం పాత దానికంటే తగ్గిందా చూడాలి. రెండెకరాలు ఒక ఎకరా తొంభై ఆరు సెంట్లయితే, ఆ నాలుగు సెంట్లు గట్టు పక్కవాడి ఎల్పీఎంలో ఉన్నాయేమో పటంలో చూసి, వెంటనే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. మాటతో అడిగితే రేపు ఆధారం ఉండదు. ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచీ దొరుకుతుంది, మొత్తం తీయండి. 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, మీ నంబరు ఉందేమో చూడండి. పాత ఎస్టేటు గ్రామాలు, ఇనాం భూములు, దేవస్థానం, సత్రం భూములు ఎక్కువున్న విజయనగరం వైపు ఇది తప్పనిసరి. తాతలనాటి నుంచి దున్నుతున్నా జాబితాలో ఉంటే అమ్మలేరు, బ్యాంకు అప్పు పుట్టదు. ఏజెన్సీలో 1/70 (గిరిజన ప్రాంత భూములు బయటివాళ్ళకు పోకుండా ఆపే చట్టం) వర్తించే చోట గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఎవరెంత తక్కువకు ఇస్తామన్నా ఆ మాటే ఎత్తకండి.

అక్కచెల్లెళ్ళ వాటా గురించి మన ఊళ్ళల్లో మొహమాటంతో దాటవేస్తారు. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. తండ్రి అప్పటికి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీతో జరిగిన పంపకమో ఉంటే అది నిలుస్తుంది. కాబట్టి మీ నాన్నగారు ఆరోగ్యంగా ఉండగానే అందరూ కూర్చుని, వాటా ఇవ్వడమో, చెల్లెలు ఇష్టపూర్వకంగా వదులుకుంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రమో రాయించండి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలు చాలవు. ఆడపడుచు వాటా ఆమెకు ఇవ్వడం ధర్మం కూడా. ఇల్లు ఆమె వాటా మీద కట్టి తర్వాత మాట్లాడదామనుకుంటే ఆ ఇంట్లో ప్రశాంతత ఉండదు.

భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్ళు ఫోన్లు చేస్తారు. తిరిగి వచ్చేవాళ్ళు దాచుకున్న డబ్బు మొదటి ఏడాదిలో అక్కడ పెట్టేసి, చేతిలో నగదు లేక ఇబ్బంది పడటం తరచూ జరుగుతుంది. మొదటి రెండేళ్ళు స్థలం కొనకండి.

మీ ఆవిడ గురించి మీరు ఒక్క ముక్కలో రాశారు. అసలు బరువు అక్కడుంది. వచ్చిన కుటుంబాలు తిరిగి వెళ్ళిపోవడానికి పొలమో జీతమో కారణమని అందరూ పైకి చెబుతారు. ఎక్కువసార్లు లోపలి కారణం కోడలి ఊపిరాడకపోవడం. హైదరాబాద్‌లో తన జీతం, తన వేళలు, తన వంటిల్లు ఉన్న మనిషి ఇక్కడికొచ్చాక ఎక్కడికి వెళ్తున్నావని పది ఇళ్ళకు చెప్పుకోవాలి. ప్రైవేటు బడి జీతం అక్కడికన్నా బాగా తగ్గుతుంది. ఆమె బీఈడీ చేసి, టెట్ రాసి ఉంటే డీఎస్సీకి తయారవడం మంచి దారి. ఆమె స్థానికత తను ఏడు నుంచి పది ఎక్కడ చదివిందో దాన్నిబట్టి ఉంటుంది, అత్తవారి ఊరిని బట్టి కాదు. ఆమెది బొబ్బిలి అయితే విజయనగరం జిల్లా స్థానికురాలు. ఇంటి విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. సామాను దించకముందే విడి వంటగది, విడి స్నానాల గది సిద్ధం కావాలి. అదే పెరట్లో రెండు గదులు వేసుకున్నా చాలు. అమ్మానాన్నలకు కోపం వస్తుందని వెనకాడితే, ఆర్నెల్లలో వచ్చే గొడవ అంతకంటే పెద్దదై ఉంటుంది.

ఇంటి నుంచి పని చేసేవాళ్ళకు మొదటి సమస్య కరెంటు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి, దాన్ని మోసే ఇన్వర్టరు పెట్టండి. 12 వోల్టుల లెక్కన 1800 వాట్ అవర్లు, అందులో 1300 వాడుకోవచ్చు. ల్యాప్‌టాప్ 60, రౌటరు 12, ఫ్యాను 75, దీపం 10, మొత్తం 157 వాట్లు. ఎనిమిది గంటలు నడుస్తుంది. ఫైబర్ లైను ఒకటి, వేరే కంపెనీ ఫోను సిమ్ము ఒకటి, రెండూ ఉండాలి. సిగ్నలు డాబా మీద కాదు, మీరు కూర్చునే గదిలో చూడండి.

తుఫానుకు ఈ ఏర్పాటు చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్ళల్లో చాలాచోట్ల కరెంటు రావడానికి వారం దాటింది, కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది కాబట్టి ఆ దెబ్బకి చాలామంది వలస బండెక్కారు. మీ కంపెనీతో ముందే మాట్లాడి, అక్టోబరు, నవంబరుల్లో అవసరమైతే వారం సెలవు దొరికేలా చూసుకోండి. బోరు మోటారు కరెంటు మీదే కాబట్టి డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, తాగడానికి నలభై లీటర్ల డబ్బా నీళ్ళు, వాయుగుండం వార్త రాగానే నింపేయాలి. ఇంటి మీదకు వాలిన కొబ్బరిచెట్టు ఉంటే అక్టోబరు రాకముందే కొట్టించండి.

అమ్మానాన్నల కోసం వస్తున్నారంటే దూరం చూడాలి. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రి పాతిక కిలోమీటర్ల లోపే, అది మీ అదృష్టం. ఇచ్ఛాపురం వాళ్ళకు అదే 130 కిలోమీటర్లు. అందుకే వాళ్ళు బరంపురం పరుగెత్తుతారు. అది ఒడిశా, ఆరోగ్య కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే అడిగి పెట్టుకోవాలి. పక్షవాతం లక్షణం కనిపిస్తే గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం చూసి ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీకి చూపించి, నాటువైద్యానికి పావురం రక్తం రాయించి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. స్కానింగ్ యంత్రం రాత్రిపూట ఎక్కడ పనిచేస్తుందో ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి.

మిగిలిన ఖర్చును నెమ్మదిగా తినేసేది చదివింపులు. ఊళ్ళో ఉంటే పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, అమ్మవారి సంబరాలు ఏవీ తప్పించుకోలేరు. ఏడాదికి నలభై పిలుపులు, ఒక్కోదానికి వెయ్యి అంటే నలభై వేలు. పైన చెప్పిన పొలం మిగులుకు ఇది దాదాపు రెండింతలు. అయితే ఈ డబ్బును వృథా అనుకోకండి. మీ నాన్నగారి చదివింపుల పుస్తకం తీసి చూడండి, రేపు అర్ధరాత్రి ఆసుపత్రికి ఆటో కట్టేది, కుప్ప మీద టార్పాలిన్ కప్పేది ఆ పుస్తకంలో పేర్లున్నవాళ్ళే. ఊళ్ళో మనుషులు సంతోషంగా ఉన్నారంటే ఎక్కువ భాగం ఈ కారణంగానే. దీన్ని బడ్జెట్టులో నెలకు మూడున్నర వేలుగా ముందే రాసుకోండి.

సంక్రాంతికి వచ్చి, కనుమనాడు అందరినీ చూసి, ఊరు బాగుందని నిర్ణయం తీసుకోకండి. ఈ మే నెలలో పిల్లలతో సహా నాలుగు వారాలు వచ్చి పని ఇక్కడి నుంచే చేయండి. ఉక్కపోత, కరెంటు కోత, కుళాయి నీరు, పెళ్ళిళ్ళు అన్నీ ఒకేసారి తెలుస్తాయి. అది తట్టుకుంటే జూన్‌లో పిల్లల్ని చేర్చండి. పల్లెకు దగ్గరగా నరసన్నపేటలో ఏడాదికి అద్దె ఇల్లు తీసుకోండి, అమ్మానాన్నకు రోజూ కనిపించవచ్చు, మీ ఆవిడకు తన ఇల్లు తనకుంటుంది. బడి, ఊరు మాత్రం చిన్నోడి నవోదయ సంగతి చూసుకుని ఎంచుకోండి. హైదరాబాద్‌లో సొంత ఫ్లాటు ఉంటే అమ్మకండి, అద్దెకిచ్చి ఆ అద్దెను ఆరు నెలల ఖర్చు అయ్యేదాకా బ్యాంకులో వదిలేయండి. ఏరు దాటగానే తెప్ప తగలేయొద్దు. పొలం మొదటి ఏడు ఇప్పుడు చేస్తున్న మనిషికే వదిలి, ఆకుమడి నుంచి కల్లం దాకా అతని పక్కన నిలబడి ఖర్చు పుస్తకం మీరు రాయండి. డిసెంబరులో ఆ పుస్తకమూ, మీ ఆవిడ మాటా రెండూ చూసి రెండో ఏడు సంగతి తేల్చుకోండి.

బదిలీ సర్టిఫికెట్టుతో పాటు పిల్లల ఒకటో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు హైదరాబాద్ బడి నుంచి సంతకం, సీలుతో ఇప్పుడే తీసుకోండి, తర్వాత వాటికోసం అంత దూరం మళ్ళీ వెళ్ళాలి. ఇక్కడికి రాగానే నలుగురి ఆధార్ చిరునామా మార్చి, గ్రామ సచివాలయంలో కుటుంబ నమోదులో పేర్లు చేర్పించండి. ఆరోగ్య కార్డు, బియ్యం కార్డు, పిల్లల ధ్రువపత్రాలు అన్నిటికీ ముందు అడిగేది అదే.